మా ఇంటి ఉప్పు, శామీర్‌పేట సల్ల

మా ముత్తాతను మేడ్చల్ చుట్టుపట్ల ఊళ్లన్నీ కోట దొర అనేవి. ఆయనకు కోట ఏమీ లేదు. మా ప్రహరీ గోడ మిగతా దొరల గోడల కంటే ఒక మూర ఎత్తు, అంతే. ఆయన కొడుకు బెత్తం దొర, అంటే మా తాత. వెండి పొన్ను వేసిన బెత్తం చేతిలో లేకుండా ఆయనను చూసినవాళ్లు లేరు (స్నానానికి వెళితే ఆ బెత్తం పట్టుకొని బయట ఒక మనిషి నిలబడేవాడట). ఆయన కొడుకు మా నాయిన, తక్రార్ దొర. గోడ వెనక ఉన్న భూములనూ, బెత్తం మీది పొన్నునూ ఆయన ఒక్కొక్కటిగా హైదరాబాదు కోర్టుల పాలు చేశాడు కాని, ఏ ఒక్క తగాదాలోనూ రాజీకి రాలేదు. ఆ మాట ఆయన గర్వంగా చెప్పుకునేవాడు, నేనూ చెప్పుకుంటాను. మా తాత తహసీలు కచేరీలో అడుగుపెడితే గుమాస్తాలు లేచి నిలబడేవారు. మా నాయిన అడుగుపెడితే వకీళ్లు లేచి నిలబడేవారు. నా వంతు వచ్చేసరికి ఎవరు వచ్చినా నేనే లేచి నిలబడవలసి వచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా మనవలు కుర్చీలో కూర్చున్నారో పడుకున్నారో చెప్పడం కష్టం. మా కాలంలో, అందులోనూ మా ఇంట్లో, కూర్చోవడం కూడా ఒక చదువే. అన్నం తినేటప్పుడు మా అవ్వ, అంటే మా నాయినను కన్న తల్లి, నా వీపు వెనక ఒక పీట నిలబెట్టేది. వీపు దానికి ఆనితే ఆ పూట నెయ్యి లేదు. అలా పెరిగిన వీపు నాది. ఈ రోజుకీ మంచం మీద పడుకున్నా కచేరీలో కూర్చున్నట్టే ఉంటానని మా ఆవిడ అంటుంది. రెండో చదువు ఉప్పు. మా ముత్తాత ఎవరి విందులోనో మంచి పులుసు ఒకటి తిన్నాడట. తిన్న మరునాడే ఆ ఇంటాయన వచ్చి, 'మా ఉప్పు తిన్నారు కాబట్టి' అని మొదలుపెట్టి, చెరువు కింది పొలం ఒకటి అడిగి పట్టుకుపోయాడట. ఆ పులుసు ఖరీదు మా ముత్తాతను చచ్చేదాకా బాధించింది. అప్పటి నుంచి మా ఇంటి మగవాడు పరాయి ఇంట్లో ఉప్పు వేసిన పదార్థం ముట్టడు. పండు తింటాడు, పాలు తాగుతాడు, బెల్లం నోట్లో వేసుకుంటాడు. భోజనమే చేయవలసి వస్తే ఆ ఇంటివాళ్లు మాకు ఉప్పు లేకుండా వండాలి. మేము మా వెండి డబ్బీ తీసి మా ఇంటి ఉప్పు మేమే చల్లుకోవాలి. 'వాళ్లు ఎవరి ఉప్పూ తినరు' అని జనం మా గురించి భయంగా చెప్పుకునేవారు. (వంట చేసేవాళ్లు ఇంకేదో చెప్పుకునేవారని తర్వాత తెలిసింది.)

నాకు మీసం సరిగ్గా వచ్చిన ఏడాది, మంచి ఎండల్లో, తహసీల్దారు మా ఊరి చావడికి శిస్తు లెక్కలు చూడటానికి వచ్చాడు. నాయిన ఎప్పటిలాగే కోర్టు వాయిదాకు పోయాడు. ఇంటి తరఫున నేను వెళ్లి, ఏమీ తినకుండా, తలపాగాతో, వీపు బిగించి, పొద్దున్నుంచి కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఎండ నెత్తికెక్కాక వచ్చాడు. నేను ఠక్కున లేచాను. లేచిన దాకా గుర్తుంది. తర్వాత కళ్ల ముందు నల్ల చుక్కలు, చెవుల్లో తుమ్మెదల రొద. మళ్లీ కళ్లు తెరిచేసరికి నా నుదురు తహసీల్దారు బూట్ల మీద ఉంది. ఆయన చాలా మంచివాడు. నా భుజం తట్టి, "ఉఠో బేటా, ఉఠో. దర్ఖాస్తు దేదో, దేఖ్ లేంగే" అన్నాడు. అర్జీ ఇచ్చెయ్యి, చూస్తాం అని! కోట దొర మునిమనవణ్ణి, బెత్తం దొర మనవణ్ణి, చావడి నిండా జనం చూస్తుండగా ఆ మాట పడ్డాను. నేను ఇల్లు చేరకముందే ఊళ్లో మాట చేరిపోయింది: "చిన్న దొర తహసీల్దార్ కాళ్ల మీద పడ్డడట!"

అవ్వ ఆ మాట విని మంచం దిగింది. ఆవిడ మంచం దిగిందంటే ఇంట్లో అందరూ గోడల వైపు జరిగేవారు.

"కాళ్ల మీద పడ్డవా?"

"పడలే అవ్వా. కండ్లకు చీకట్లొచ్చి పడ్డ. కాళ్లు గాడున్నయి."

"కాళ్లు ఏడున్నయో చూసుకొని పడొద్దా?" అంది అవ్వ. కాసేపు ఆలోచించింది. "ఇగ ఎవలన్న అడిగితే మూర్ఛ అని చెప్పుండ్రి. దొరలకు రోగాలొస్తయి. దొరలు కాళ్లు మొక్కరు."

అని ఊరుకోలేదు. నీళ్లు తెచ్చే ఆమెను పిలిచి, నాకు మూర్ఛ రోగం ఉన్నదనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనీ ఒట్టు వేయించుకొని మరీ చెప్పింది. పొద్దుగూకేసరికి మేడ్చల్ అంతా, వారం తిరిగేసరికి బొల్లారం దాకా తెలిసింది. మా పరువు నిలబడింది. నాకు వస్తున్న పెళ్లి సంబంధాలు మాత్రం పడిపోయాయి. యాప్రాల్ వైపు వాళ్లు పిల్ల ఇంకా చిన్నదని కబురు పంపారు. నిరుడు ఆ పిల్లే పెద్దదైపోతున్నదని తొందరపెట్టారు. ఇంకొకరు జాతకాలు కలవలేదన్నారు. మేము జాతకం ఇంకా పంపనే లేదు.

ఇక మా మేనమామ రంగంలోకి దిగాడు. అమ్మ తమ్ముడు, అమ్మ పోయినా మా ఇల్లు వదలలేదు. అన్నిటికీ అందరి తరఫునా ఆయనే జవాబు చెప్పేవాడు. మచ్చ బొల్లారంలో మిలిటరీ కొలువు చేసి దిగిపోయిన డాక్టరు ఒకాయన ఉన్నాడని, మద్రాసు వైపు మనిషని, ఆయన దగ్గరికి నన్ను తీసుకుపోయాడు. డాక్టరు నా జబ్బకు గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి పిసికి, పాదరసం వైపు చూసి, నన్ను ఒకసారి పడుకోబెట్టి, ఒకసారి నిలబెట్టి, మళ్లీ చూసి, "మూర్ఛా లేదు, గీర్ఛా లేదు. నీ రక్తం ప్రెషరు తక్కువ, అంతే. లేచినప్పుడు ఇంకా తగ్గిపోతుంది" అన్నాడు. మందు ఏమీ రాయలేదు. "ఉప్పు తిను. మజ్జిగలో బాగా వేసుకొని తాగు. నీళ్లు తాగు. కడుపు పగిలేటట్టు ఒక్కసారే తినకు. తింటే రక్తమంతా పొట్టకే పోతుంది, తలకు ఉండదు. కొంచెం కొంచెం, మాటిమాటికీ తిను. లేచేటప్పుడు మెల్లగా లేవాలి. కళ్లు తిరిగితే కూర్చొని తల మోకాళ్ల మధ్యకు వంచు."

"మా ఇంట్ల తల వంచరండి" అన్నాను.

"అట్లయితే పడిపో. పడితే తల దానంతటదే కిందికి వస్తుంది" అన్నాడాయన.

మామ తన జబ్బ కూడా చూడమన్నాడు. చూస్తే ఆయనది ఎక్కువ ఉంది, ఉప్పు మానెయ్యమన్నాడు డాక్టరు. మామ ముఖం వెలిగిపోయింది. దారి పొడవునా కలిసిన ప్రతివాడికీ, "మావోనిది తక్కువట, నాది మస్తు ఎక్కువట" అని చెప్పుకుంటూ వచ్చాడు.

అవ్వకు మాత్రం ఆ రోగం పేరే నచ్చలేదు. "తక్కువనా? మనింట్ల తక్కువ అనే మాట ఇంతదాంక ఎవ్వడన్న అన్నడా? ఎంత తక్కువరా? గా పట్వారి కొడుకు కన్న తక్కువనా?" అని అడిగింది. వాడిది ఎవరూ కొలవలేదని చెప్పాక కొంచెం శాంతించింది. పథ్యం విన్నాక మళ్లీ లేచింది. "దొర బిడ్డ మాటిమాటికి మేస్తడా, మ్యాక లెక్క?" చివరికి ఒక దారి చూపింది. వసారా మూలన తెర కట్టించి, నా తిండి అంతా తెర వెనకనే సాగాలన్నది. అలా నా వైద్యం మొదలైంది. పొద్దున్నే దొడ్డుప్పు వేసిన సల్ల (మజ్జిగను మా వైపు సల్ల అంటాం), తర్వాత జొన్నరొట్టె ముక్క, మామిడికాయ తొక్కు, మళ్లీ సల్ల, కొంచెం అన్నం, చింతకాయ పచ్చడి, మళ్లీ సల్ల. ఇంటికి వచ్చిపోయేవాళ్లకు తెర వెనకకు లోటాలు పోవడం, ఖాళీవి రావడం మాత్రమే కనిపించేది. చిన్న దొర కల్లుకు మరిగాడని కొత్త మాట పుట్టింది. దీనికి అవ్వ ఏమీ అనలేదు; కల్లు మా వంశంలో ఉన్నదే. ఏమైతేనేం, నాకు చీకట్లు రావడం తగ్గింది. ఉప్పు, సల్ల కడుపులో ఉన్నంతసేపు గోడలా నిలబడేవాణ్ణి. అవి మానితే మళ్లీ చుక్కలు.

ఇంతలో శామీర్‌పేట సంబంధం వచ్చింది. ఆ పిల్లను నేను ముందే చూశాను, అదీ అసలు సంగతి. అల్వాల్‌లో చుట్టాల పెళ్లికి మా తాత తలపాగా పెట్టుకొని పోయాను. దాని బరువుకు మెడ తిప్పలేక, ఎటూ చూడకుండా కూర్చున్నాను. ఒక పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడి, నన్ను కింది నుంచి మీది దాకా చూసి, పక్క పిల్లతో, "గీయన ఊపిరి తీస్తుండా?" అంది. మా వంశాన్ని అంత దగ్గరగా పరీక్షించిన మనిషి అంతకు ముందు లేదు. నాకు కోపం రావలసింది. రాలేదు. ఆనాటి నుంచి తెర వెనక సల్ల తాగుతూ కూడా ఆ మాటే తలుచుకునేవాణ్ణి. ఆ పిల్లది శామీర్‌పేట అని తెలిసినప్పటి నుంచి నాకు ఇంకో సంబంధం పట్టలేదు. వాళ్లకూ మూర్ఛ మాట చేరింది. కాని వాళ్లు సాకులు చెప్పలేదు. ఆ ఇంటి పెద్ద దొరసాని, అంటే పిల్ల నాయినమ్మ, తిన్నగా కబురు పంపింది: "పిల్లను మీరు చూసుడు తర్వాత. ముందుగాల పిల్లగాన్ని మేము చూడాలె. నిలవెట్టి చూడాలె."

అంగడిలో ఎడ్లను అలా చూస్తారు. అవ్వకు ఒళ్లు మండింది. కాని మూర్ఛ మాట పుట్టించింది తానే కదా, ఏమనగలదు? చివరికి పెట్టె తెరిచి, బెత్తం దొర వెండి డబ్బీ తీసి, చింతపండుతో తోమించి, దొడ్డుప్పు నింపి నా చేతిలో పెట్టింది. "ఆళ్ల ఉప్పు ముట్టకు. ముట్టినవంటే ఆళ్లోనివైతవ్. మన ఉప్పు మనం తినాలె, నిలవడాలె, రావాలె" అంది. ఆ మాటల్లో డాక్టరు వైద్యం, మా ముత్తాత శాసనం రెండూ ఉన్నాయి.

మా బగ్గీ అప్పటికే పోయింది. ఒక జట్కాను మాట్లాడి, బగ్గీ పాత తెర దానికి కట్టి మా బండే అనిపించాం. తోలేవాణ్ణి ఊరంతా ఆహిస్తా మియా, అంటే నెమ్మది మియా, అనేది. ఆయన జట్కా ఎన్నడూ పరుగెత్తి ఎరగదు. గుర్రం పేరు నవాబ్. నాయినకు ఆ రోజూ వాయిదానే కాబట్టి నా వెంట మామ వచ్చాడు. పొద్దున్నే బయలుదేరినా ఎండ ముదిరేసరికి సగం దారి కూడా కాలేదు. ఒక మోటబావి దగ్గర ఆగాం. మామ చింతచెట్టు నీడన నిద్రపోయాడు. ఆహిస్తా మియా గుర్రాన్ని విప్పి నీళ్లు పెట్టాడు. నేను నా వేళకు నా పథ్యం చేద్దామని, పచ్చి మామిడికాయ ముక్కలు తీసి, డబ్బీ తెరిచి జట్కా మెట్టు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి బావి వైపు నడిచాను. తిరిగి చూస్తే నవాబ్ మూతి డబ్బీలో ఉంది. నేను పరుగెత్తలేదు (మా ఇంట్లో పరుగెత్తరు). పెద్ద పెద్ద అంగలతో నడిచి చేరేసరికి అది అడుగు దాకా నాకి, మూత కూడా నాకుతోంది.

"తోబా, తోబా!" అని ఆహిస్తా మియా చెంపలు వేసుకున్నాడు. "దొరా, నా నవాబ్ మీ నమక్ తిన్నది. ఇగ ఇది నా మాట ఇనదు. మీ నౌకర్ అయిపోయింది!"

మా ఇంటి ఉప్పు తిన్న నవాబు చరిత్రలో అదొక్కటే. ఆ గౌరవాన్ని అనుభవించే స్థితిలో నేను లేను.

"చాచా, వెనుకకు పోదాం" అన్నాను ఆహిస్తా మియాతో.

మామ నిద్రలేచాడు. "ఎట్ల పోతం? ఆడ పెద్దోళ్లంత కూసున్నరు. పోకుంటే పిల్లగాడు దారిల పడిపోయిండంటరు."

"అయితే శామీర్‌పేట దుకాన్ల ఉప్పు కొందాం మామా. పైసలిస్తే అది మనదే."

"మతి ఉన్నదా అల్లుడా? దొర కొడుకు జట్కా దిగి ఉప్పు కొనుక్కున్నడంటే, ఆళ్లింట్ల ఉప్పుకు గతి లేదంటరు. పరేషాన్ కాకు. కూసున్నకాడ కూసో. లేవకు."

"పెద్దోళ్లొస్తే లేవద్దా?"

"లేసినట్టే కూసో" అన్నాడు మామ. ఆ ఆసనం ఏమిటో ఈ రోజు దాకా నాకు తెలియదు.

శామీర్‌పేటలో వాళ్ల ఇల్లు మా ఇంటంత ఎత్తు గోడలది కాదు, కాని గోడలు పడిపోలేదు. వసారాలో జంపఖానా పరిచారు. ఎదురుగా పెద్ద దొరసాని చాప మీద కూర్చుంది. సన్నటి మనిషి, చురుకైన కళ్లు. "రా బిడ్డా, కూసో" అంది. కూర్చున్నాను. వెంటనే పిల్ల తండ్రి వచ్చాడు. లేచాను. కొన్ని చుక్కలు. కూర్చున్నాను. పిల్ల పెద్ద బాపు, అంటే పెదనాయన, వచ్చాడు. లేచాను. ఇంకా చుక్కలు. కూర్చున్నానో లేదో చిన్న బాపు, ఆయన వెనక పిల్ల మేనమామ. వాళ్లందరూ ఒక్కసారి ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. పెద్ద దొరసాని లోపలి వైపు చేయి ఊపిన ప్రతిసారీ ఒకరు బయటికి వస్తున్నారని తర్వాత తట్టింది. నాలుగో మనిషికి లేచేసరికి వసారా కంబం పట్టుకున్నాను.

"కంబం ఎందుకు పట్టుకుండు?" అంది ముసలమ్మ.

"మా బావ గూడ గట్లనే పట్టుకుంటడు" అన్నాడు మామ. "ఖాందాన్ అలవాటు."

ఇక భోజనం. మా పేరు విన్నవాళ్లు కదా, మా గౌరవానికి తగ్గట్టు ఏ ఒక్క దానిలోనూ ఉప్పు వేయలేదు. పప్పులో లేదు, వంకాయలో లేదు, చింతపండు చారులో లేదు. ఉప్పు లేని చింతపండు చారు ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు. అందరి చూపూ నా చేతి మీదే. ఖాళీ డబ్బీ తీసి, మూత వాళ్ల వైపు తెరిచి, లోపల లేనిదాన్ని రెండు వేళ్లతో పట్టుకొని, అన్నం మీద చల్లాను. నా మునుపటి మూడు తరాల్లో ఎవరూ అంత హుందాగా చల్లి ఉండరు. మామ కూడా తన వంతు చల్లుకొని, "అబ్బ, మన ఉప్పు మన ఉప్పే" అన్నాడు. వాళ్లు వడ్డిస్తూనే ఉన్నారు, ఆకులో మిగలకూడదు. కడుపు నిండిన కొద్దీ డాక్టరు మాట గుర్తుకు వచ్చింది. రక్తమంతా పొట్టకు పోతున్నట్టు, తల గాలితో నిండుతున్నట్టు అనిపించింది.

చేతులు కడుక్కొని మళ్లీ జంపఖానా మీదికి చేరాక, పెద్ద దొరసాని మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, "ఇగ నన్ను లేపి, నీ చెయ్యి ఆసరా ఇచ్చి, పశువుల కొట్టం దాంక తోల్కపో బిడ్డా. మా బర్రెలను చూద్దువు" అంది. ఆవిడను మోయడానికి మనుషులు లేక కాదు. నేను పడితే ఆవిడా పడుతుంది; పడ్డానంటే మూర్ఛ నిజమవుతుంది, ఊపిరి సంగతి అడిగిన ఆ పిల్ల ఇంకెవరి ఇంటికో పోతుంది. మామ వైపు చూశాను. ఆయన లేచినట్టే కూర్చున్నాడు.

అప్పుడు లోపలి నుంచి ఆ పిల్ల వచ్చింది. చేతిలో పెద్ద ఇత్తడి లోటా. తల వంచుకొని, అందరికీ వినపడేలా, "ఉప్పు లేని సల్ల, నాయినమ్మా. దొరల కోసమని ఏరే చేసిన" అని నా చేతికి ఇచ్చింది.

ఒక గుక్క తాగాను. నాలుక నుంచి చెవుల దాకా మంట పుట్టింది. అది సల్ల కాదు, సముద్రం. గుప్పెడు దొడ్డుప్పు కరగక అడుగున కదులుతోంది. తల ఎత్తి చూశాను. ఆ పిల్ల కూడా తల ఎత్తింది. 'ఊపిరి తీస్తున్నావా' అని అడిగిన కళ్లే అవి, ఇప్పుడు కూడా అదే అడుగుతున్నాయి. అవ్వ మాట గుర్తుకు వచ్చింది: ముట్టినవంటే ఆళ్లోనివైతవ్. ఎదురుగా జనం, చుట్టూ చుక్కలు. నా వీపు నిటారుగా ఉంది, ముఖం కదలలేదు. లోటా ఎత్తి అడుగు దాకా తాగాను. (మా ఇంటి నియమం తినడం గురించే కాని తాగడం గురించి కాదని తర్వాత చాలాకాలం వాదించాను. తక్రార్ దొర కొడుకును.)

"చప్పగుందా?" అంది ఆ పిల్ల.

"చప్పగనే ఉన్నది" అన్నాను. "ఇంకో లోటా తే."

మామ ఉప్పొంగిపోయాడు. "చూసిండ్రా? ఉప్పు లేకుంటే మావోనికి ఎంత ఇష్టమో!"

రెండో లోటా మొదటిదానికి అన్న. అది కూడా అయ్యాక, బర్రెలు ఎన్ని పాలిస్తాయి, ఏం మేత వేస్తారు అని పెద్ద దొరసానిని అడుగుతూ కాసేపు గడిపాను. తల మెల్లగా నా భుజాల మీదికి తిరిగి వచ్చింది. అప్పుడు, డాక్టరు చెప్పినట్టు, ముందు మోకాలు, తర్వాత నడుము, తర్వాత తల, తొందర లేకుండా లేచాను. చూసేవాళ్లకు అది మా వంశపు ఠీవిలా కనిపించిందట. చుక్కల్లేవు. ముసలమ్మ చెయ్యి పట్టి లేపాను. ఆవిడ బరువంతా నా మీదనే వేసింది, కావాలనే. వసారా దాటాం, వాకిలి దాటాం, కొట్టం చేరాం. బర్రెల దగ్గర ఎవరూ లేరు. ఆవిడ ఆగి, నా వైపు చూడకుండా, "సల్లల ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అంది.

నా కాళ్ల కింద నేల మళ్లీ కదిలింది, ఈసారి రక్తం ప్రెషరు వల్ల కాదు.

"నా ఇంట్ల ఉప్పుకాగు మూత చప్పుడైతే నాకు ఇనవడదా?" అని ముసిముసిగా నవ్వింది. "మీ జట్కాయన గుర్రానికి నీళ్లకని పెరట్లకొచ్చి, గుర్రం ముచ్చట, డాక్టర్ ముచ్చట అంత మా పిల్లకు చెప్పిండు. అది జల్దీ ఉరికొచ్చి కాగుల చెయ్యి పెట్టింది. ఒక్క పిడికెడు కాదు కొడుకా. రోగం సంగతి నాకు తెల్సిపాయె. నీ సంగతి తెల్వాలని కూసున్న. ఉమ్మేస్తవో, మింగుతవో అని."

నేను నిటారుగా నిలబడ్డాను. అబద్ధమాడవచ్చు; మామ అయితే ఆడేవాడు. ఉప్పు లేదంటే నియమం నిలబడుతుంది. కాని ఆ రెండు లోటాలు కడుపులో ఉండగా లేదని అనడానికి నాకు నోరు రాలేదు.

"సరిపోయింది అవ్వా" అన్నాను. మా ఇంటి బయట నేను అవ్వా అని పిలిచిన మొదటి మనిషి ఆవిడ.

"అయితే మా ఉప్పు తిన్నవ్. ఇగ మావోనివే" అని నా జబ్బ మీద ఒక్కటి వేసి, "పోదాం పా, పిల్లను పిలుస్త, నువ్వు గూడ చూద్దువు" అంది.

తిరుగు దారిలో నవాబ్ నిజంగానే ఆహిస్తా మియా మాట వినలేదు. ఇల్లు ఎటో అటు పరుగెత్తింది, పుట్టాక మొదటిసారి. అవ్వ గుమ్మంలో ఎదురుచూస్తోంది. "ఆళ్ల ఉప్పు ముట్టినవా?" అంది. నేను జట్కా దిగేలోపే మామ, "చిటికెడు ముట్టలే! లోటాలకు లోటాలు చప్పటి సల్ల తాగి, ముసలామెను మోసుకొని తిరిగిండు" అన్నాడు. ఆయన చూసింది ఆయన చెప్పాడు. అవ్వ ఖాళీ డబ్బీ తెరిచి చూసుకొని, మన ఉప్పే మనల్ని నిలబెట్టిందని కళ్లు తుడుచుకుంది. ఆ సంతోషంతోనే పెళ్లి చేసింది, ఆ సంతోషంతోనే పోయింది.

పెళ్లి అయిన నాటి నుంచి మా ఆవిడ నాతో వాదం వచ్చినప్పుడల్లా ఎక్కువ మాట్లాడదు. సల్ల లోటా తెచ్చి నా ముందు పెట్టి పోతుంది. నేను కోర్టుకెక్కకుండా రాజీపడటం నేర్చుకున్నది అలాగే. తక్రార్ దొర కొడుక్కి అది చిన్న చదువు కాదు. ఇప్పుడు నాకు ముసలితనం. కాలం తిరగబడి నా ప్రెషరు కూడా తిరగబడింది, మామది లాగా ఎక్కువైంది. ఉప్పు మానెయ్యమన్నారు. మా ఆవిడ నాకు చప్పటి పప్పు, చప్పటి చారు వడ్డించి, "మీ తాత లెక్క తినుండ్రి, దొరవారు" అని, నా ఎదురుగా కూర్చొని తాను మామిడికాయ తొక్కు కలుపుకుంటుంది. కొంచెం వెయ్యమని అడిగితే వేస్తుందని నాకు తెలుసు. అడగను. వీపు నిటారుగా పెట్టుకొని, ఆ తొక్కు వాసన పీలుస్తూ, ఊపిరి తీస్తున్నానని ఆవిడకు తెలిసేలా కొంచెం గట్టిగానే తీస్తూ తింటాను.

గోడ ముందే పడిపోయింది, భూములు కోర్టు మింగింది, బెత్తాన్ని చెదలు తిన్నాయి. ఉప్పుకు లోపలంతా గుంటలు పడ్డ ఆ వెండి డబ్బీని నాయిన చనిపోయిన ఏడాది సికింద్రాబాదులో ఒక సేటుకు అమ్మేశాం.